ఎడమ చేత్తో దీవించే సాములోరు

పోయిన ఆదివారం నేను హిందూపురంలో నా గదిలో వారానికి సరిపడా చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాను. ముందు తెల్లవి, తర్వాత లేత రంగువి, చివర ముదురువి. ఈ వరస ఎందుకని ఎవరైనా అడిగితే కారణం కూడా చెప్పగలను, కానీ ఇంతవరకు ఎవరూ అడగలేదు. మూడో చొక్కా మీద ఉండగా పెనుకొండ నుంచి అక్క ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. అంటే కంప్యూటర్ తెర మీద జోస్యం అడిగే పార్టీ ఎవరో ఉన్నట్టే.

"రేయ్, బెంగళూరామె అడుగుతాంది. కార్డులో గురువు కుడిచెయ్యి ఎత్తితే మా గుడ్డ మీద గురువు ఎడంచెయ్యి ఎత్తినాడేమని. ఏం చెప్పాల్రా?"

"అది పెద్ద కథ కదక్కా."

"ఆమెకు అర్ధగంటే టైమిచ్చినా. కథ చెప్తే కార్డులెప్పుడు చూసేది?" అని పెట్టేసింది.

ఆమె పెట్టేసింది గానీ నాకు మాత్రం చొక్కాల వరస తప్పింది. ముదురు రంగుది ముందు చేసేశాను. అక్క బల్ల మీది ఆ మెరూన్ పట్టుగుడ్డ, దాని మధ్యలో జరీతో నేసిన మూడంతస్తుల కిరీటం సాములోరు, ఆయన ఎత్తిన ఎడమ చెయ్యి, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఆ అర్ధగంటలో చెప్పలేని కథ ఇక్కడ చెబుతాను.

అక్క పెనుకొండలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. బావకు మోటార్లు బాగుచేసే షాపు ఉంది. ఇద్దరికీ జోస్యంతో ఏ సంబంధమూ లేదు. మరి ఈ టారో కార్డులు ఆమె చేతికి ఎలా వచ్చాయంటే, ఒక వేసవి సెలవుల్లో ఏమీ తోచక కంప్యూటర్లో క్లాసులు విన్నది. లెక్కల టీచరు కాబట్టి డెబ్బై ఎనిమిది కార్డుల అర్థాలూ ఎక్కాల్లాగా కంఠతా పట్టింది. మొదటిసారి ఆ కట్ట మా ఇంట్లో పరిచినప్పుడు నాయన కళ్లజోడు సవరించుకొని చాలాసేపు చూసి, "చిలక ల్యాకుండానే చెప్తావామ్మా? పోనీలే, వడ్లన్నా మిగుల్తాయి" అన్నాడు. హిందూపురం బస్టాండు దగ్గర పంజరంలోంచి చిలక బయటికొచ్చి దేవుడి పటం ఒకటి ముక్కుతో లాగడం ఆయన చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆయన దృష్టిలో అక్కకూ, ఆ చిలక ఆసామికీ తేడా పంజరం ఒక్కటే.

నేను ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తాను. డ్రాయింగు పక్కన పెట్టుకొని, వచ్చిన వస్తువు దానిలాగే ఉందా లేదా చూడటం నా ఉద్యోగం. కాబట్టి జోస్యాన్ని నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. కానీ కార్డుల మీది బొమ్మలు మాత్రం నన్ను పట్టేశాయి. వాటిలో ఏ గీతా ఊరికే ఉండదు. మా డ్రాయింగుల్లో లాగే ప్రతి దానికీ ఒక పని ఉంటుంది. ముఖ్యంగా ఐదో నంబరు కార్డు. రెండు రాతిస్తంభాల మధ్య సింహాసనం, దాని మీద ఎర్ర బట్టల్లో ఒక మతగురువు. ఎడమ చేతిలో మూడు అడ్డకర్రలున్న దండం. ఎత్తిన కుడిచేతిలో రెండు వేళ్లు నిటారుగా ఉంటాయి, తక్కినవి ముడుచుకొని ఉంటాయి. చాచిన వేళ్లు పైకి చెప్పే విద్య అట, ముడిచినవి శిష్యుడు దగ్గరికొచ్చాకే చెప్పే విద్య అట. పాదాల దగ్గర అడ్డంగా పెట్టిన రెండు తాళంచేతులు. వాటికి అటొకడు ఇటొకడు మోకాళ్ల మీద ఇద్దరు శిష్యులు, మనకు వీపు చూపిస్తూ. ఈ కార్డు నేరుగా వస్తే, పెద్దల నుంచి వచ్చే విద్య, దాన్ని చేతికిచ్చే గురువు, పదిమందీ నడిచిన దారి అని అర్థం. తలకిందులుగా వస్తే ఆ దారి వదిలి సొంతంగా నేర్చుకోవడమని. ఇన్ని అర్థాలు ఇంత చిన్న అట్టముక్కలో సర్దినవాడెవడో గాని మంచి డ్రాఫ్ట్స్‌మన్ అయి ఉంటాడనిపించింది.

ఆ కార్డు ధర్మవరంలో మా మేనమామ ఇంట్లో బయటపడిన రోజు గురించి చెప్పాలంటే ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి. ఇంట్లోకి అడుగుపెట్టగానే ముందు మగ్గమే ఎదురొస్తుంది. మనుషులు దాని పక్కనుంచి సర్దుకొని పోవాలి. గుంతలో కూర్చుని నేసే మగ్గం, దాని నెత్తిన జాకార్డు యంత్రం, ఆ యంత్రం నుంచి దండలాగా వేలాడే చిల్లుల అట్టలు. కింద ఒకసారి తొక్కితే ఒక అట్ట తిరుగుతుంది. ఆ అట్టలో చిల్లు ఉన్నచోట పోగులు లేస్తాయి, లేనిచోట లేవవు. లేచిన పోగుల కింద నుంచి జరీ పోతుంది. అలా అట్ట మీద అట్ట తిరిగితే హంస అవుతుంది, మామిడిపిందె అవుతుంది. చిన్నప్పుడు సెలవులకు పోయినప్పుడు ఆ శబ్దానికే నిద్ర లేచేవాళ్లం. పచ్చిపట్టు వాసన, అత్త ఉప్మాలో వేసే వేరుశనగ గింజల వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా వేరుశనగ వేగుతుంటే నాకు పక్కన పట్టు కూడా ఉండాలనిపిస్తుంది.

మామకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. కాలు కొంత వచ్చింది, పట్టుకొని నడవగలడు. మాట కొంచెం ముద్దగా అయినా వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. అంతకు ముందు రోజంతా మగ్గంతో పాటు తానూ మాట్లాడుతూ ఉండే మనిషి, మగ్గానికి వీపు పెట్టి గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. వెనక వీధిలో ఒకాయన జాకార్డు యంత్రంతో సహా మగ్గం తీసుకుపోతానంటే ఊఁ అన్నాడు. అత్త అడ్డుపడింది. ఇరవై ఏళ్లకు పైగా ఆమె కండెలు చుట్టింది, తెగిన పోగులు అతికింది, మామ టీ తాగడానికి లేస్తే సాదా నేత నేసింది. బొమ్మ నేయడం మాత్రం రాదు. అది వస్తే మగ్గం ఇంట్లో ఉంటుంది. రాకపోతే మగ్గం పోతుంది, ఆమె వేరేవాళ్ల ఇళ్లకు కండెలు చుట్టడానికి పోవాలి. ఉగాది దాకా గడువు అడిగింది. నేర్పించే మనిషి మూడడుగుల దూరంలో గోడను చూస్తూ ఉన్నాడు.

చలికాలంలో ఒక ఆదివారం నేనూ అక్కా చూడబోయాము. అత్తకు కాస్త పొద్దుపోతుందని అక్క కార్డులు తెచ్చింది. అత్త చేతులు కడుక్కొచ్చి, పూజకు కూర్చున్నట్టు కూర్చుంది.

"ఏం అడగాల్నో మనసులో అనుకో అత్తా."

"మనసులో ఎందుకు పాపా, పైకే అంటా. నేను మగ్గంలో కూచోవచ్చునా, కూడదా?" మంచం వైపు చూస్తూనే అంది.

అక్క కలిపి పరిచింది. అత్త ఒకటి తీసి తిప్పింది. ఐదో నంబరు. నేరుగానే వచ్చింది. అక్క స్కూల్లో పాఠం చెప్పినట్టు స్తంభాలు, కిరీటం, తాళంచేతులు అన్నీ వివరించింది. అత్త కార్డును వెలుతురుకు పట్టుకొని తనకు తోచింది తాను చూసింది.

"ఈ ఇద్దరికీ నడినెత్తిన గుండు. తిరపతిలో మంగలాయప్ప మధ్యలోనే వదిలేసిపోయినట్టుండాడు."

"వాళ్లు శిష్యులత్తా. గురువు దగ్గర విద్య తీసుకుంటాండారు."

"తాళాలు మాత్రం ఈయప్ప కాళ్ల కాడే పెట్టుకున్యాడు. ఇచ్చేట్టుండాడా, పెట్టుకునేట్టుండాడా?"

"ఇస్తాడు. అడగల్ల."

మంచం మీద కదలిక అయింది. మామ మెల్లగా ఇటు తిరిగి, "ఏదీ, ఇట్ల తే" అన్నాడు. అక్క కార్డు తీసుకుపోయి చూపించింది. మామ ఎంతసేపు చూశాడో. అత్త చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఈ సాములోరికేమప్పా, కుడిచెయ్యి ఉండాది, ఎత్తి దీవిస్తాండాడు" అన్నాడు మామ. "నేత నేర్పేదంటే నోటితో చెప్పేదా? చెయ్యి మీద చెయ్యేసి నేర్పల్ల. కుడిచెయ్యి ల్యాని గురువు యాడన్నా ఉండాడా? మీ కార్డుల్లో ఉంటే చూపించు పాపా."

డెబ్బై ఎనిమిదిలో అలాంటిది లేదు. అక్క అన్నీ కంఠతా వచ్చిన మనిషి కాబట్టి వెతికినట్టు నటించలేకపోయింది. మామ మళ్లీ గోడ వైపు తిరిగాడు. అత్త కార్డులన్నీ సర్ది, అంచులు సమంగా తట్టి, అక్క చేతిలో పెట్టింది. "నేరుగా వచ్చింది కదా, చాల్లే" అంది మెల్లగా.

తిరుగు రైల్లో అక్క కట్టలోంచి ఐదో నంబరు తీసి, పెనుకొండ కొండ కనిపించేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది. కనిపించగానే సామాను చేతికి తీసుకుంటూ, "నాకు కార్డులు పరుచుకునేకి ఒక గుడ్డ కావాల. పట్టుది. మధ్యలో ఆ గురువు ఉండల్ల. అత్త నేస్తాది, నువ్వు గీస్తావు" అంది. ఇది అడగడం కాదు, హోంవర్కు ఇవ్వడం. నేను ఏదో అనేలోపు దిగిపోయింది.

మగ్గం మీద చీర తీసేశాక మిగిలిన మెరూన్ పడుగు కొంచెం అలాగే ఉంది. గుడ్డకు అది చాలు. ఫ్యాక్టరీ నుంచి వచ్చాక నేను కంప్యూటర్లో గళ్ల మీద ఆ బొమ్మ గీశాను. ఒక గడి ఒక పోగుల జత, ఒక వరస ఒక అట్ట. పోగులు లేపడానికి యంత్రానికి ఉన్న కొక్కేల్లో పట్టాలి కాబట్టి చాలా వాటిని తీసేయాల్సి వచ్చింది. శిష్యుల బట్టల మీద గులాబీలు, కలువలు పోయాయి. స్తంభాల చెక్కుడు పోయింది. కిరీటం, తాళంచేతులు, శిష్యులు, ఎత్తిన చెయ్యి ఉంచాను. ఆ రెండు వేళ్ల కోసమే రెండు సాయంత్రాలు కూర్చున్నాను. ధర్మవరంలో అట్టలకు చిల్లులు కొట్టే భాయ్ ఆ బొమ్మ చూసి, "ఈయన మావాళ్లలోనా, మీవాళ్లలోనా?" అని అడిగాడు. ఇద్దరిలోనూ కాదంటే, "అయితే పేచీ ల్యా" అని నవ్వి, గీసింది గీసినట్టు కొట్టి, దండగా కుట్టి ఇచ్చాడు.

అత్త గుంతలోకి దిగింది. నేను ఆదివారాలు పోయి పక్కన కూర్చునేవాణ్ణి. మొదట్లో కాలూ చెయ్యీ కలిసేవి కావు. తొక్కాక జరీ వేయడం మరిచేది, జరీ వేశాక మళ్లీ అదే అట్ట మీద తొక్కేది. విప్పేది, మళ్లీ వేసేది. ఒక్కోసారి అడగాలని మంచం వైపు చూసేది. అక్కడ వీపే కనిపించేది. ఇంకొక ఇబ్బంది ఏమిటంటే, ఆ మగ్గం మీద బట్ట బోర్లా తయారవుతుంది. నేసేవాళ్లకు పైన కనిపించేది బట్ట వెనక వైపు, అంతా జరీ పోగుల చిక్కు. అసలు ముఖం కిందికి ఉంటుంది. దాన్ని చూడటానికి ఒక చిన్న అద్దం ఉంది. మామ గడ్డం గీసుకునేదే, చెక్క ఫ్రేముది. అత్త ప్రతి నాలుగు వేళ్ల నేతకూ దాన్ని బట్ట కిందికి పెట్టి చూసేది. నేను కూడా గీసిన కాగితం పక్కన పెట్టుకొని అద్దంలో సరిచూసేవాణ్ణి. తాళంచేతులు సరే. శిష్యులు సరే. దండం ఎడమ చేతిలో, సరే. చివరికి కుడిచేతి రెండు వేళ్లు అద్దంలో బంగారంలా లేచినప్పుడు అత్త గుంతలోంచే, "వచ్చినాడబ్బీ సాములోరు!" అని అరిచింది. మంచం మీద వీపు కొంచెం కదిలింది, అంతే.

ఉగాదికి ఇంకా కొన్నాళ్లు ఉందనగా గుడ్డ కోశారు. ఆ రోజు అక్క కూడా వచ్చింది. అత్త పసుపుకుంకుమ పెట్టి, కత్తెర వేసి, గుడ్డను రెండు చేతుల మీద తీసుకొని, మొదటిసారి ముఖం పైకి తిప్పి పరిచింది. ముగ్గురమూ వంగి చూశాం. అంతా బాగుంది. మరీ బాగుంది. ఏదో ఒకటి మాత్రం కుదరడం లేదు. అక్క తన కట్టలోంచి ఐదో నంబరు తీసి పక్కన పెట్టింది. కార్డులో సాములోరు కుడిచెయ్యి ఎత్తాడు. గుడ్డ మీద సాములోరు ఎడమచెయ్యి ఎత్తాడు.

నేను కాగితం తీశాను. సరిగ్గా ఉంది. అద్దం తీశాను. అద్దంలో సరిగ్గా ఉంది. అప్పుడు అర్థమైంది. బోర్లా నేసిన బట్టలో బొమ్మ కుడిఎడమలు తారుమారవుతుంది. అద్దం ఆ తారుమారును మళ్లీ తారుమారు చేసి, అంతా సవ్యంగా ఉన్నట్టు చూపిస్తుంది. ఇన్నాళ్లూ మేం తప్పును అద్దంతో దిద్దుకుంటూ చూశాం. హంసలు ఎప్పుడూ జంటగా ఎదురెదురుగా ఉంటాయి, మామిడిపిందె ఎటు తిరిగినా మామిడిపిందే. నాకు తెలిసి ఆ ఇంట్లో అద్దం ఎవరినీ మోసం చేసే అవసరం ఎన్నడూ రాలేదు.

అత్త నేల మీద కూలబడింది. "ఎడంచేత్తో దీవిస్తే ఎవురు తీసుకుంటారమ్మా! పసుపుకుంకం పెట్టి మరీ అపశకునం నేస్తినే. నాకు రాదు. ఆ వెనక వీధాయనకు చెప్పిపంపు అబ్బీ, మగ్గం ఎత్తకపొమ్మను."

అక్క ఆమె భుజం పట్టుకుంది. నేను అద్దాన్ని బోర్లించి పక్కన పెట్టాను. అంతలో మంచం మీద నుంచి ఒక శబ్దం వచ్చింది. దగ్గనుకున్నాను. మామ ఇటు తిరిగి ఉన్నాడు. నవ్వుతున్నాడు. ఒక వైపు మూతే నవ్వుతోంది, అయినా కళ్లు రెండూ నవ్వుతున్నాయి.

"ఏమే, పెండ్లిచీరలో పెండ్లికొడుకు, పెండ్లికూతురు పేర్లు నేసేటప్పుడు నేనేం చేస్తాంటి? పక్కనే కూచోని కండెలు చుడతాంటివి కదా. అక్షరాలు తిరగబడకూడదని అట్టలన్నీ తిప్పి కుడతాంటి కదా!"

"తిప్పి కుట్టేది చూస్తిని. ఎందుకని నువ్వు చెప్పితివా?"

"నువ్వు అడిగితివా?"

"అడిగేకి నాకు నీ వీపే కదా కనపడతాండేది ఇన్ని నాళ్లూ!"

మామ నవ్వు ఆగింది. "ఆ గుడ్డ ఇట్ల తే" అన్నాడు. అత్త లేవలేదు. నేనే తీసుకుపోయి ఆయన కడుపు మీద పరిచాను. ఎడమచేతి బొటనవేలితో నేత తడిమాడు. కిరీటం దగ్గర ఒకచోట ఆగి, "ఈడ రెండు పోగులు వదిలింది" అన్నాడు. శిష్యుల దగ్గర ఏమీ అనలేదు. చెయ్యి దగ్గరికి వచ్చి ఆ రెండు వేళ్లూ చాలాసేపు చూశాడు. తర్వాత తన ఎడమచెయ్యి పైకెత్తి, రెండు వేళ్లు చాచి, తక్కినవి మడిచి, ఒకసారి గుడ్డను, ఒకసారి తన చేతిని చూసుకున్నాడు.

"ఈయప్ప గూడా నా మాదిరే నెట్టుకొస్తాండాడే."

అత్త తలెత్తింది.

"అబ్బీ, ఆ కుర్చీ గుంత పక్కకెయ్యి. ఎడం పక్కకు" అన్నాడు మామ. "నువ్వు దిగు. మిగిలిన పడుగు ఎంతుండాదో అంత నేద్దువు. జరీ అంత బిగించి లాగేది కాదు, చూపిస్తా."

ఆ రోజు నేనూ అక్కా అన్నం మేమే వడ్డించుకుని తిన్నాం. వాళ్లిద్దరికీ ఆకలి గుర్తు లేదు. మామ కుర్చీలోంచి వంగి, ఎడమచేతిని అత్త ఎడమచేతి మీద వేసి జరీ బిగువు ఎంతుండాలో చూపిస్తున్నాడు. అత్త సరిగ్గా చేస్తే ఏమీ అనడు, తప్పు చేస్తే మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. కుడిచేత్తో చేసే పనులను ఆయన నోటితో చెప్పడం మొదలుపెట్టాడు. నోటితో నేత నేర్పలేమన్న మనిషి చెప్పే మాటలకు ఆ సాయంత్రం అంతు లేకుండా పోయింది. ఉగాదికి వెనక వీధాయన వస్తే అత్త ఆయనకు వేపపువ్వు, బెల్లం పచ్చడి పెట్టి, మగ్గం చప్పుడు వినిపించి పంపేసింది.

గుడ్డ సంగతి. విప్పి మళ్లీ నేస్తానని అత్త అంటే అక్క ససేమిరా ఇవ్వలేదు. "నేరుగా వస్తే ఒక అర్థం, తలకిందులుగా వస్తే ఒక అర్థం. చెయ్యి మారితే ఏమర్థమో ఏ పుస్తకంలోనూ ల్యా. ల్యాని అర్థం నా కాడ ఒక్కదాని కాడన్నా ఉండనీ" అని మడత పెట్టి తీసుకుపోయింది. ఇప్పుడు అత్త పెండ్లిచీరలకు పేర్లు కూడా నేస్తోంది. అట్టలు ఎప్పుడు తిప్పాలో, ఎందుకు తిప్పాలో ఆమెకు తెలుసు. నేను నెలకు ఒకటి రెండు ఆదివారాలు పోయి కొత్త బొమ్మలు గీసిస్తాను. మొన్న పోయినప్పుడు మామ నన్ను చూసి, "కార్డులో శిష్యులు ఇద్దరుండారు కదా, రెండోవాడు వచ్చినాడు చూడు" అన్నాడు. "గుండొకటే తక్కువ" అంది అత్త గుంతలోంచి.

ఆదివారం చొక్కాలన్నీ అయ్యాక అక్కకు నేనే ఫోన్ చేశాను. బెంగళూరామెకు ఏం చెప్పావని అడిగాను.

"నాకు తోచక అత్తకు ఫోన్ చేస్తి. ఆ సాములోరి కుడిచెయ్యి రెస్టు తీసుకుంటాంది, దీవెన మాత్రం ఆగలేదు అని చెప్పమనె. అదే చెప్పినా. ఆమె కండ్లు తుడుచుకునె. వాళ్లింట్లో ఏముండాదో ఏమో."

ఫోన్ పెట్టేసి ఇస్త్రీపెట్టె చల్లారేదాకా కూర్చున్నాను. ధర్మవరంలో ఆ పాటికి అత్త గుంతలో ఉంటుంది, మామ ఎడం పక్క కుర్చీలో ఉంటాడు. బతుకుతున్నంతసేపూ మన రోజులు కూడా ఆ మగ్గం మీద బట్టలాగా బోర్లానే తయారవుతాయేమో. పైకి చిక్కులే కనిపిస్తాయి. కింద ఏ చెయ్యి లేచి ఉందో, కాలం కోసి తిప్పి పరిచినప్పుడే చూస్తాం.